జె-1 టీచర్ ఇంట్లో ఐదు క్యాలెండర్లు

ఆగస్టు మొదటి వారంలో అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో ఉద్యోగంలో చేరిన టీచరుకు చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతం బడులను నడిపే సంస్థల్లో) మొదటి పూర్తి జీతం సెప్టెంబరు నెలాఖరుకు చేతికొస్తుంది. అద్దె, డిపాజిట్ మాత్రం తాళంచెవి ఇచ్చిన రోజే కట్టాలి. ఇండియా నుంచి వెళ్లే టీచర్ కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బందుల్లో సగం ఈ తరహావే. జీతం చాలకపోవడం కన్నా, తేదీలు ఒకదానికొకటి కలవకపోవడం వాళ్లను ఎక్కువ ఇరుకున పెడుతుంది.

అమెరికా పబ్లిక్ స్కూళ్లలో లెక్కలు, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్ చెప్పేవాళ్లు దొరకని జిల్లాలు, ముఖ్యంగా పల్లెప్రాంతాలవి, విదేశీ టీచర్లను జె-1 ఎక్స్‌ఛేంజ్ వీసా మీద తీసుకుంటాయి. ఉత్తర, దక్షిణ కరోలినాల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఇండియా, ఫిలిప్పీన్స్, జమైకా, కొలంబియాల నుంచి వచ్చినవాళ్లు ఒకే బడిలో పక్కపక్క గదుల్లో పాఠాలు చెబుతుంటారు. అర్హతలు సూటిగానే ఉంటాయి: అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమైన చదువు, కనీసం రెండేళ్ల బోధనానుభవం, వారానికి 32 గంటలకు తగ్గని పూర్తికాలపు పని. మూడేళ్ల డిగ్రీ ఒక్కటే ఉంటే ఎవాల్యుయేషన్‌లో నాలుగేళ్ల డిగ్రీకి సరితూగకపోవచ్చు, బీఎడ్ కలిస్తే గట్టెక్కుతుంది. గడువు మూడేళ్లు, జిల్లా కోరితే మరో ఒకటి లేదా రెండేళ్లు.

ఇలా వెళ్లిన ఇంట్లో ఐదు క్యాలెండర్లు ఒకేసారి నడుస్తాయి. ఆగస్టు నుంచి జూన్ దాకా బడి ఏడాది. జె-1 వీసాకు ఆధారంగా స్పాన్సర్ సంస్థ ఇచ్చే డీఎస్-2019 ఫారం మీద ఉన్న ప్రోగ్రామ్ తేదీలు. పన్నుకు జనవరి నుంచి డిసెంబరు. పన్ను ఒప్పందానికి విమానం దిగిన రోజు. ఇవి కాక, వెనక్కి వచ్చాక పిల్లలు చేరాల్సిన మన బడుల ఏడాది. ఏ రెండూ ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగియవు.

మొదటి అరవై రోజులు

నలుగురున్న కుటుంబం మొదటి జీతం దాకా నెట్టుకురావడానికి 6,000 నుంచి 8,000 డాలర్లు దగ్గర పెట్టుకోవాలి. మొదటి నెల అద్దె, దానికి సమానమైన డిపాజిట్, కారుకు కొంత, మంచాలు, వంటసామాను, కరెంటు కనెక్షన్‌కు డిపాజిట్. అమెరికాలో క్రెడిట్ చరిత్ర లేనివాళ్ల దగ్గర ఇంటివాళ్లు రెండు నెలల డిపాజిట్ అడగడం మామూలే. డబ్బంతా నోట్ల రూపంలో తీసుకెళ్లడం కుదరదు. ఇండియా నుంచి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నగదు తీసుకెళ్లనిస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి.

సోషల్ సెక్యూరిటీ నంబరుకు దిగిన మర్నాడే పరుగెత్తకూడదు. ముందు స్పాన్సర్ సంస్థ సెవిస్‌లో, అంటే ఎక్స్‌ఛేంజ్ వీసాల మీద వచ్చినవాళ్ల వివరాలుండే ప్రభుత్వ డేటాబేసులో, రికార్డును యాక్టివ్ చేయాలి, ఆ సమాచారం మిగతా ఆఫీసులకు చేరాలి. పది రోజులు ఆగి వెళ్తే ఒకే విడతలో పనైపోతుంది. ముందే వెళ్తే దరఖాస్తు వెరిఫికేషన్‌లో ఇరుక్కుని వారాలు పడుతుంది. బ్యాంకు అకౌంటు పాస్‌పోర్టుతో తెరవొచ్చు కాబట్టి దాన్ని ఈ నంబరు కోసం ఆపక్కర్లేదు.

పల్లెటూరి జిల్లాలో సిటీ బస్సు ఉండదు. కారు లేకపోతే ఉప్పూ పప్పూ కూడా దొరకవు. టీచరు ఉదయం ఏడుంబావుకు బడిలో ఉండాలి, చిన్నవాడి బస్సు ఏడూనలభైకి వస్తుంది, ఇంట్లో ఉన్న భార్యకో భర్తకో లైసెన్సు ఉండదు. ఈ ముడి దాదాపు ప్రతి ఇంట్లోనూ పడుతుంది. జె-1 టీచరు జీవిత భాగస్వామికీ పిల్లలకూ ఇచ్చే జె-2 వీసా మీద వచ్చినవాళ్లకు పని అనుమతి వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. లైసెన్సు ఆఫీసులో ఆ నంబరు అడిగితే, తమకు అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు రాసిచ్చే నిరాకరణ లేఖ చాలా రాష్ట్రాల్లో పనికొస్తుంది. ఆ కాగితం కోసం అర్హత లేదని తెలిసీ దరఖాస్తు పెట్టాలి, వినడానికి వింతగా ఉన్నా దారి అదే. లైసెన్సు గడువు డీఎస్-2019 గడువుతోపాటే ముగుస్తుంది. అందుకే ఉద్యోగం పొడిగించినప్పుడల్లా లైసెన్సును కూడా మార్పించుకోవాలి, అది మర్చిపోయి గడువు తీరిన కార్డుతో తిరిగేవాళ్లు తక్కువేం కాదు.

ఇన్సూరెన్సు విషయంలో జె ప్రోగ్రాం నిబంధన ఉంది. ఒక జబ్బుకో ప్రమాదానికో లక్ష డాలర్ల వైద్యఖర్చు, స్వదేశానికి వైద్యసాయంతో తరలించడానికి 50,000, మరణిస్తే దేహాన్ని పంపడానికి 25,000, డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు కంటే ముందు మనం భరించే వాటా) 500కు మించకూడదు. ఇది టీచరుకే కాదు, జీవిత భాగస్వామికీ పిల్లలకూ వర్తిస్తుంది. స్కూల్ డిస్ట్రిక్టు సాధారణంగా టీచరు ప్రీమియంలో ఎక్కువ భాగం భరిస్తుంది, కుటుంబాన్ని కలిపితే నెలకు వందల డాలర్లు జీతంలోంచి పోతాయి. డిస్ట్రిక్టు పాలసీలో తరలింపు ఖర్చు ఉండకపోవచ్చు, డిడక్టిబుల్ 500 దాటొచ్చు. ఆ ఖాళీకి స్పాన్సర్ ఇచ్చే చిన్న పాలసీ అవసరమవుతుంది. ఆఫర్ లెటర్‌లోని జీతం అంకె చూసి సంబరపడేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫ్యామిలీ ప్రీమియం ఎంత అనేదే.

పిల్లల టీకాలు, ఇంటిభాష

జె-2 పిల్లలకు పబ్లిక్ స్కూల్లో చదువు ఉచితం. చేర్చేటప్పుడు అడ్డుపడేది టీకాల కాగితం. మన ప్రభుత్వ షెడ్యూల్లో తట్టు-రుబెల్లా మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తారు. అమెరికా బడుల లెక్కలో మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన ఆ డోసు చెల్లదు, పైగా అందులో గవదబిళ్లల టీకా ఉండదు. అంటే ఇక్కడ రెండు డోసులూ పూర్తయిన బిడ్డకు అక్కడ మళ్లీ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటి టీకా) వేయాల్సి వస్తుంది. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ షెడ్యూల్లోనే లేదు, పీహెచ్‌సీలో టీకాలు వేయించిన పిల్లలకు అది తప్పకుండా మిగిలే ఉంటుంది. విమానం ఎక్కేముందే పిల్లల డాక్టరు దగ్గర ఎంఎంఆర్, ఆటలమ్మ డోసులు 28 రోజులు దాటిన ఎడంతో వేయించుకుంటే అక్కడ ఒక్కో సందర్శనకు అయ్యే ఖర్చు తప్పుతుంది.

తేదీ రాసే తీరులో మరో చిక్కుంది. మన కార్డు మీద 06/07/2019 అంటే జూలై 6. అక్కడి నర్సు దాన్ని జూన్ 7గా చదువుతుంది. మొదటి పుట్టినరోజుకు కొద్ది రోజులు అటూ ఇటూ అయినా డోసు చెల్లుబాటు మారిపోయే లెక్క ఇది. డాక్టరు చేత నెల పేరు అక్షరాల్లో రాయించి, సంతకం, ముద్ర తీసుకుంటే గొడవ ఉండదు. క్షయ పరీక్షకూ ఇదే జాగ్రత్త. బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపొచ్చు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష అడిగి, అది నెగటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే దాకా పోనక్కర్లేదు.

అడ్మిషన్ ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ప్రశ్న ఉంటుంది. తెలుగు అని రాస్తే పిల్లవాడికి విడా స్క్రీనర్ అనే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. రెండు కరోలినాలూ ఈ పద్ధతినే వాడతాయి. ఆ పరీక్ష తప్పించుకోవాలని కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తారు. అది తెలివితక్కువ పని. స్క్రీనర్‌లో తక్కువ వస్తే అదనంగా భాష నేర్పే టీచరు దొరుకుతుంది, రాష్ట్ర పరీక్షల్లో వెసులుబాట్లు దొరుకుతాయి. ఇంగ్లిష్ మీడియంలో చదివొచ్చిన పిల్లలు సాధారణంగా ఏడాది రెండేళ్లలో ఆ జాబితాలోంచి బయటికొస్తారు. కిండర్‌గార్టెన్‌కు ఐదేళ్లు ఉత్తర కరోలినాలో ఆగస్టు 31లోగా, దక్షిణ కరోలినాలో సెప్టెంబరు 1లోగా నిండాలి. అక్టోబరులో పుట్టిన బిడ్డ ఇంకో ఏడాది ఆగాలి, ఆ ఏడాది డేకేర్ ఖర్చు కుటుంబానిదే.

తరగతి గదిలో మాట తిరగబడే చోట్లు

సబ్జెక్టు రాక ఇబ్బందిపడే టీచర్లు తక్కువ. మాటల దగ్గరే తడబడతారు. మన దగ్గర ‘త్రీ ఇంటూ ఫోర్’ అంటే పన్నెండు. అక్కడి పిల్లలకు ‘ఫోర్ ఇంటూ ట్వెల్వ్’ అంటే పన్నెండులో నాలుగు ఎన్నిసార్లు పోతుందని, అంటే భాగహారం. టీచరు గుణకారం చెబుతుంటే తరగతి భాగహారం వింటుంది. గుణకారానికి ‘టైమ్స్’ తప్ప వేరే మాట నోటికి రాకూడదు. ట్రెపీజియం అక్కడ ట్రెపిజాయిడ్. హెచ్‌సీఎఫ్ జీసీఎఫ్ అవుతుంది, ఇండైసెస్ ఎక్స్‌పోనెంట్స్, బ్రాకెట్లు పెరెంథసీస్, బాడ్మాస్ పెమ్డాస్. సరళరేఖ సమీకరణంలో మనం ‘సి’ రాసేచోట వాళ్లు ‘బి’ రాస్తారు. భాగహారంలో మనలో చాలామంది భాగఫలాన్ని కుడివైపు రాయడం నేర్చుకున్నాం, అక్కడ గీత పైన రాస్తారు. ‘జెడ్’ను ‘జీ’ అనాలి, ఫుల్‌స్టాప్‌ను పీరియడ్ అనాలి. ‘ఎనీ డౌట్స్?’ అని అడిగితే మీరు చెప్పింది నమ్మడం లేదా అని అడిగినట్టు వినిపిస్తుంది, ‘క్వశ్చన్స్’ అనాలి. రబ్బరు అడగనే కూడదు, ఇరేజర్ అనాలి. రబ్బరు అంటే అక్కడ కండోమ్ అన్న అర్థం ఉండటం వల్ల పెద్ద తరగతుల్లో నవ్వులు పీరియడ్ అయ్యేదాకా ఆగవు.

గదిలో ఉండేది టీచరే, గంట కొట్టగానే పిల్లలే మారతారు. ఎవరూ లేచి నిలబడరు. ఆ మర్యాద లోపాన్ని అవమానంగా తీసుకున్న టీచరు మొదటి నెలలోనే అలసిపోతుంది. తరగతిని అదుపులో పెట్టడానికి గొంతు పెంచడం కన్నా మొదటి రెండు వారాల్లో చేయించే అభ్యాసం పనిచేస్తుంది: లోపలికి ఎలా రావాలి, కాగితాలు ఎక్కడ పెట్టాలి, బాత్రూముకు ఎలా అడగాలి, బయటికి ఎలా వెళ్లాలి అన్నవి పాఠంలాగే నేర్పి, రోజూ చేయించడం. ఆ పది రోజులు సిలబస్ వెనకబడుతుందని కంగారుపడి దాటేసినవాళ్లు అక్టోబరుకల్లా సిలబసూ, తరగతి మీద అదుపూ రెండూ పోగొట్టుకుంటారు. మార్కులు గట్టిగా చదవడం, సమాధానపత్రాలు ర్యాంకువారీగా పంచడం, భుజం పట్టి సీట్లో కూర్చోబెట్టడం, ఇవన్నీ మన దగ్గర ఆలోచించకుండానే జరిగిపోయే పనులు, అక్కడ ఫిర్యాదులు.

అన్నిటికన్నా బరువైనది ఐఈపీ. వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి బిడ్డకూ రాసే వ్యక్తిగత ప్రణాళిక అది, 1975 నాటి సమాఖ్య చట్టం దాని వెనకుంది. పరీక్షకు ఒకటిన్నర రెట్ల సమయం, ప్రశ్నలు చదివి వినిపించడం, ముందు వరుసలో సీటు లాంటివి అందులో ఉంటే టీచరు వాటిని ఇవ్వాల్సిందే. ఇచ్చినట్టు రాసిపెట్టుకోవాల్సిందే. మంచి టీచరన్న పేరు ఉన్నా, ఆ రాతపని లేకపోతే తల్లిదండ్రుల సమావేశంలో చెప్పడానికి ఏమీ మిగలదు.

రెండేళ్లు అంటే ఏ రెండేళ్లు?

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. జె-1 టీచరు మొదటి రెండు ‘క్యాలెండర్’ సంవత్సరాలు పన్ను దృష్టిలో నాన్‌రెసిడెంటు. ఆ కాలంలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) కోత, అంటే జీతంలో 7.65 శాతం, ఉండదు. 2024 జూలైలో దిగినవాళ్లకు 2024 ఒక పూర్తి సంవత్సరంగా లెక్కకొస్తుంది. 2025తో రెండూ అయిపోతాయి. 2026 జనవరి జీతం నుంచి కోత మొదలవుతుంది, అప్పటికి వచ్చి పద్దెనిమిది నెలలైనా కాదు. ఏడాదికి 48,000 డాలర్ల జీతమనుకుంటే అది 3,672 డాలర్లు. ఈ సంగతి ముందే తెలియనివాళ్లు జీతం తగ్గించారని హెచ్ఆర్‌తో గొడవకు దిగుతారు.

నాన్‌రెసిడెంటుకు 1040-ఎన్ఆర్ ఫారం. స్టాండర్డ్ డిడక్షన్ లేదు, భార్యాభర్తల ఉమ్మడి రిటర్ను లేదు. భారత్-అమెరికా ఒప్పందంలో ఇండియా వాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉందని వినేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ వెసులుబాటు విద్యార్థులకు, అప్రెంటిస్‌లకు, టీచర్లకు కాదు. పై జీతానికి 2025లో సమాఖ్య పన్ను సుమారు 5,500 డాలర్లు అవుతుంది. 2026లో ఏడాదంతా అక్కడే ఉండి రెసిడెంటయిన జంట ఉమ్మడిగా వేస్తే 32,200 డిడక్షన్ పోను పన్ను 1,600కు దిగుతుంది. దానికి 3,672 కలిపితే మళ్లీ దాదాపు అంతే, 5,300 చుట్టూ తేలుతుంది. అయితే భార్యకో భర్తకో సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, పన్ను కోసం ఇచ్చే ఐటిన్ గానీ లేకుండా ఉమ్మడి రిటర్ను వేయలేరు.

జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పడానికి చేరిన రోజు నింపే డబ్ల్యూ-4 ఫారంలోనే మొదటి తప్పు పడుతుంది. పెళ్లయింది కాబట్టి ‘మ్యారీడ్’ గడి గీస్తారు. నాన్‌రెసిడెంటు ‘సింగిల్’ గడి గీసి, 4(సి) గడి కింద ఎన్ఆర్ఏ (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని రాయాలి. లేకపోతే నెలనెలా తక్కువ కోసి, ఏప్రిల్‌లో ఒకేసారి రెండు మూడు వేల డాలర్ల బిల్లు వస్తుంది. పిల్లలతో సహా ఒక్కొక్కరి పేరునా 8843 ఫారం కూడా పంపాలి, ఆదాయం లేకపోయినా సరే.

ఇక ఒప్పందంలోని 22వ అధికరణ. బోధన కోసం వచ్చినవాళ్లకు దిగిన రోజు నుంచి రెండేళ్లు అమెరికా ఆదాయపన్ను మినహాయింపు అంటుంది. చాలామంది అక్కడిదాకే చదివి, ఆ మినహాయింపు కోరే 8233 ఫారం ఇచ్చేస్తారు, జీతం మొత్తం చేతికొస్తుంటే ఎవరికి చేదు? అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వివరణ ఇంకా ఉంది. ఉండటం రెండేళ్లు దాటితే, రెండు దేశాల అధికారులు వేరేగా ఒప్పుకుంటే తప్ప, మినహాయింపు మొదటి రోజు నుంచే రద్దు. జె-1 టీచరు ప్రోగ్రాం సహజంగా మూడేళ్లు. మూడో ఏడాది ఆగస్టులో బడికి వెళ్లిన టీచరు వెనకటి రెండేళ్ల పన్నూ, దానిమీద వడ్డీ కట్టుకోవాలి, పైన చెప్పిన జీతానికి అది వేల డాలర్లలోనే ఉంటుంది. రెండేళ్లకే తిరిగి రావాలని నిశ్చయించుకున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు దీన్ని ముట్టుకోకపోవడం మంచిది. ముట్టుకున్నా, ఆ డబ్బు విడిగా దాచాలి.

ఆ 7.65 శాతం కూడా తిరిగొచ్చే సొమ్ము కాదు. పెన్షన్‌కు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. ఐదేళ్లు పూర్తిగా ఉన్న టీచరుకైనా అందులో సగం చేరవు. భారత్‌కు, అమెరికాకు మధ్య ఈ కాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం లేదు.

జీవిత భాగస్వామి పని అనుమతి కోసం ఐ-765 వేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి కాగితం దరఖాస్తు రుసుము 520 డాలర్లు, చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ సంపాదన జె-1 టీచరును పోషించడానికి అవసరమని చూపకూడదు, ఇల్లు గడవడానికని రాస్తే తిరస్కరిస్తారు. పైగా జె-2 సంపాదన మీద 7.65 శాతం కోత మొదటి నెల నుంచే ఉంటుంది.

జీతం పది నెలలదా పన్నెండు నెలలదా అన్నది కూడా బడి మొదలయ్యే ముందే తేల్చుకోవాలి. 48,000ను పదితో భాగిస్తే నెలకు 4,800, పన్నెండుతో భాగిస్తే 4,000. పది నెలల పద్ధతిలో ఉన్నవాళ్లకు జూలైలో జీతం రాదు. ఇండియా టికెట్లు కొనేది సరిగ్గా అప్పుడే.

తిరుగు ప్రయాణం

2024 డిసెంబరు 9 నుంచి అమలైన కొత్త స్కిల్స్ జాబితాలో (ఏ దేశాల జె-1 వాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండాలో చెప్పే అమెరికా జాబితా) ఇండియా లేదు. ఆ జాబితా కారణంగా పడే రెండేళ్ల స్వదేశ నివాస షరతు మన టీచర్లకు ఇప్పుడు లేనట్టే. దీన్ని విని మళ్లీ వెంటనే జె-1 మీద రావచ్చనుకోవడం పొరపాటు. టీచరు విభాగంలో ఇంకోసారి రావాలంటే రెండేళ్లు అమెరికా బయట ఉండాలన్న నియమం వేరు, అది అలాగే ఉంది.

ప్రోగ్రాం ముగిశాక 30 రోజులు గడువు. ఆ నెలలో కారు అమ్మాలి, ఇల్లు ఖాళీ చేయాలి, జూలై దాకా ఉన్న లీజును తెంచుకోవాలి. జూన్ నెలాఖరుకు హైదరాబాదులోనో విజయవాడలోనో దిగితే సీబీఎస్‌ఈ బడుల్లో ఏప్రిల్‌లోనే ఏడాది మొదలైపోయి ఉంటుంది. రాష్ట్ర సిలబస్ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, అక్కడ పోయేది రెండు మూడు వారాలే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. భాష రానివాళ్లకు ‘వెన్నెల’ అనే తేలిక వాచకం ఉన్నా, ఐదేళ్లు అక్షరం ముట్టని పిల్లలకు అదీ కష్టమే. సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తరగతి దగ్గర్లో లేని పల్లెల్లో, వేసవి సెలవుల్లో ఆరు వారాలు రోజూ అరగంట గుణింతాలు దిద్దిస్తే చదవడం వరకు నిలుస్తుంది. రాయడానికి అది చాలదు.

వచ్చేసిన తర్వాత కూడా ఒక రిటర్ను మిగిలి ఉంటుంది. ఏడాది జీతం, కోతలు చూపే డబ్ల్యూ-2 మరుసటి జనవరిలో పాత చిరునామాకు పోతుంది, కాబట్టి పేరోల్ వెబ్‌సైటులో లాగిన్ చేసి ఉంచుకోవాలి, వ్యక్తిగత ఈమెయిల్‌కు మార్చుకోవాలి, బడి ఈమెయిల్ వదిలిన వారంలోనే ఆగిపోతుంది. రాష్ట్ర రిటైర్మెంట్ పథకంలో చేరి ఉంటే ఆ సొమ్ము వెనక్కి అడగొచ్చు. దక్షిణ కరోలినాలో ఉద్యోగి వాటా జీతంలో 9 శాతం, అది చిన్న మొత్తం కాదు. ఇవన్నీ పడటానికి అమెరికా బ్యాంకు అకౌంటు కనీసం ఏడాది తెరిచి ఉండాలి, అకౌంటులోకి లాగిన్ కావాలంటే ఓటీపీ రావాలి, ఓటీపీకి అక్కడి ఫోన్ నంబరు బతికుండాలి. సిమ్ ఆపేసేముందు ఆ నంబరును 20 డాలర్లకు గూగుల్ వాయిస్‌లోకి మార్చుకోవచ్చు. కొన్ని బ్యాంకులు అలాంటి నంబర్లకు ఓటీపీ పంపవు కాబట్టి, విమానం ఎక్కడానికి రెండు వారాల ముందే ఒకసారి పంపించి చూసుకోవాలి.